జనరల్ అంటే మగవాళ్ల సీటు కాదు

వార్డు మెంబరుగానో, సర్పంచ్‌గానో పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండితే చాలు. ఎమ్మెల్యే, ఎంపీ కావాలంటే 25. నాకిప్పుడు 28. అంటే మా ఊరి వార్డు నుంచి ఢిల్లీ పార్లమెంటు దాకా చాలా పదవులకు నామినేషన్ వేసే అర్హత నాకుంది. ఈ సంగతి నేను మొన్నమొన్నటిదాకా ఆలోచించనే లేదు. ఎందుకంటే ‘నువ్వు నిలబడతవా?’ అని నన్ను ఎవ్వరూ అడగలేదు.

మా ఇంజినీరింగ్ క్లాసులో ఫైనలియర్‌కు వచ్చేసరికి ముగ్గురు నలుగురు అబ్బాయిలకు ఏదో ఒక పార్టీ యూత్ లీడర్ నుంచి ఫోన్లు వచ్చేవి. బైక్ ర్యాలీకి రమ్మనేవాళ్లు. పుట్టినరోజు ఫ్లెక్సీలో మూలన ఒక ఫొటో వేసేవాళ్లు. అట్లా మొదలైనవాళ్లలో ఒకరు ఇప్పుడు మండల స్థాయి లీడర్. వాళ్లకంటే బాగా మాట్లాడే, కాలేజీ ఫెస్టు మొత్తం లెక్కలతో సహా నడిపించిన అమ్మాయిలు మా క్లాసులోనే ఉన్నారు. వాళ్లకు ఒక్క ఫోన్ కూడా రాలేదు.

అమెరికాలో జెనిఫర్ లాలెస్, రిచర్డ్ ఫాక్స్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఇదే విషయం మీద పని చేశారు. పోటీ చేసే అర్హతలు సమానంగా ఉన్నా, మగవాళ్లతో పోలిస్తే ‘పోటీ చెయ్యి’ అనే మాట ఆడవాళ్లకు తక్కువగా వినపడుతుందని వాళ్లు చూపించారు. అక్కడి సంగతి అట్లా ఉంచి, మన నిజామాబాద్ లెక్క ఏంటో చూద్దాం.

కింద సగం, పైన సున్నా

తెలంగాణలో పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో ఆడవాళ్లకు 50 శాతం రిజర్వేషన్ ఉంది. నిజామాబాద్ నగరపాలక సంస్థకు 2014లో ఆకుల సుజాత, 2020లో దండు నీతూ కిరణ్ మేయర్లయ్యారు. అంటే వరుసగా రెండు పాలకవర్గాలకు మహిళలే మేయర్లు. బోధన్ చుట్టుపక్కల ఏ మండలానికి పోయినా మహిళా సర్పంచ్‌లు కనిపిస్తారు.

ఇప్పుడు ఒక మెట్టు పైకి వెళ్లండి. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేల్లో 10 మంది మహిళలు గెలిచారు. అంతకుముందు 2018లో గెలిచింది ఆరుగురే. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో తొమ్మిది నియోజకవర్గాలున్నాయి. 2023లో తొమ్మిదింటిలోనూ మగవాళ్లే గెలిచారు. లోక్‌సభ స్థానం సంగతికొస్తే, 1952 నుంచి ఇప్పటిదాకా ఇక్కడ గెలిచిన మహిళ ఒక్కరే, 2014లో కల్వకుంట్ల కవిత.

రిజర్వేషన్ ఉన్న చోట సగం, లేని చోట సున్నా. ఆడవాళ్లకు రాజకీయం చేతకాదనుకుంటే ఆ సగం ఎక్కడి నుంచి వచ్చింది? చేతనవుతుందనుకుంటే ఈ సున్నా ఎందుకొచ్చింది?

ఎమ్మెల్యే సీటుకు తాళం పార్టీ ఇచ్చే బీ-ఫారం. అది ఎవరి చేతికి రావాలో హైదరాబాద్‌లో, ఢిల్లీలో కూర్చున్నవాళ్లు తేలుస్తారు. వాళ్లు చూసేది డబ్బు, కులం లెక్క, వెనక ఉన్న మనుషులు. ఈ మూడూ కూడబెట్టుకునే అవకాశం ఎక్కువగా మగవాళ్లకు, లేదా రాజకీయ కుటుంబాల ఆడవాళ్లకు ఉంటుంది. ఆర్మూరులో 1994లో, మళ్లీ 2009లో గెలిచిన ఏలేటి అన్నపూర్ణమ్మ కూడా రాజకీయ కుటుంబం నుంచి వచ్చినవారే. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఇంటిపేరు తోడు లేని అమ్మాయికి దారి ఏది?

అరవై ఏళ్ల కింద ఉన్న దారి

దారి అసలు లేకపోలేదు. ఇదే జిల్లాలో, మన అమ్మమ్మల కాలంలోనే ఉంది.

1957 ఎన్నికల్లో అప్పటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డి నుంచి టి.ఎన్. సదాలక్ష్మి ఎమ్మెల్యే అయ్యారు. దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలిచారు, మంత్రిగానూ పని చేశారు. ఆ తర్వాత అదే ఎల్లారెడ్డి 1967లో, 1972లో జె. ఈశ్వరీబాయిని గెలిపించింది. ఆమె కూడా దళిత మహిళే. 1967లో ఆమె గెలిచింది అంబేడ్కర్ ఆలోచనతో పుట్టిన రిపబ్లికన్ పార్టీ తరఫున. వరుసగా మూడు ఎన్నికల్లో ఒక గ్రామీణ నియోజకవర్గం దళిత మహిళలను అసెంబ్లీకి పంపింది. వాళ్లెవరూ లీడర్ల కూతుళ్లో, కోడళ్లో కాదు.

అది ఎస్సీ రిజర్వుడు సీటు. మహిళా రిజర్వేషన్ కాదు. అంటే మగవాళ్లకు కూడా అవకాశమున్న సీటులోనే వాళ్లు నిలబడి గెలిచారు. ‘మా దిక్కు జనం ఆడవాళ్లకు ఓటెయ్యరు’ అని ఎవరన్నా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

కుర్చీ ఒకచోట, పెత్తనం ఇంకోచోట

‘సివరపల్లి’ వెబ్ సిరీస్ చూసినవాళ్లకు తెలుసు. సర్పంచ్ పేరు భార్యది, నడిపేది భర్త. మనం నవ్వుకుంటూ చూశాం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ మాత్రం ఈ సమస్య మీద ప్రత్యేకంగా ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. ఊళ్లల్లో ‘సర్పంచ్ సాబ్’ అని పిలిస్తే సర్పంచ్ భర్త పలకడం మనకు అంత మామూలైపోయింది.

నిజామాబాద్ దిక్కు దీనికి ఇంకో పొర ఉంది. వీడీసీ, అంటే గ్రామాభివృద్ధి కమిటీ. బయటి జిల్లాలవాళ్లకు దీని బలం అంత త్వరగా అర్థం కాదు. చట్టంలో దానికి పంచాయతీకి ఉన్న అధికారాలేవీ లేవు. కానీ చాలా ఊళ్లల్లో కులానికి ఒకరిద్దరు పెద్దమనుషులు కూర్చుని గుడి పండుగ నుంచి కల్లు ధర దాకా నిర్ణయిస్తారు. మాట వినని కుటుంబాలకు జరిమానాలు వేశారని, సాంఘిక బహిష్కరణ చేశారని వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! పంచాయతీ పాలకవర్గంలో సగం మంది ఆడవాళ్లుండాలని చట్టం చెప్తుంది. వీడీసీకి అలాంటి చట్టమేదీ లేదు. నేను చూసిన వీడీసీ మీటింగుల్లో ఆడవాళ్లు కనిపించింది దూరంగా, గోడ పక్కన.

అందుకే మా దగ్గర పంచాయతీ కుర్చీలో ఆడమనిషి కూర్చున్నాక కూడా ఊరి నిర్ణయం వేరే అరుగు మీద జరిగే ప్రమాదముంది.

మా చిన్నమ్మ నామినేషన్

2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. బోధన్ దగ్గరి మా ఊళ్లో సర్పంచ్ సీటు మహిళకు రిజర్వ్ అయింది. ఒక అభ్యర్థి ఫ్లెక్సీలో ఆమె ఫొటో ఎంతుందో భర్త ఫొటో దానికి రెండింతలుంది. ఇది అందరూ ఊహించేదే. అసలు గొడవ మా చిన్నమ్మ దగ్గర మొదలైంది. ఆమె నిలబడతానన్నది జనరల్ వార్డులో.

మా చిన్నమ్మ పదో తరగతి ఫెయిల్. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది. బాబాయి దుబాయిలో ఉంటాడు. ఒకప్పుడు మా వాళ్లు చెరకు పండించి శక్కర్‌నగర్‌లో ఉన్న నిజాం షుగర్స్‌కు తోలేవాళ్లు. 1930ల చివర్లో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తర్వాత మా ఇంట్లో చెరకు పోయి వరి వచ్చింది, బాబాయికి వీసా వచ్చింది. పొలం కౌలు మాట్లాడేది, బ్యాంకు లోను కట్టేది, ట్రాక్టరు కిరాయి తెంపేది అంతా చిన్నమ్మే. మహిళా సంఘం లెక్కల పుస్తకం పదేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లు మా దిక్కు వేలల్లో ఉంటాయి. ఆ ఇళ్లన్నింటినీ నడిపేది ఇట్లాంటి ఆడవాళ్లే.

సంఘం మీటింగులో ఒకామె అడిగింది: “మన వాడకట్టు మోరీ సంగతి నువ్వే పట్టించుకుంటవు గదా, మెంబరుగా నువ్వే నిలబడరాదు?” అంతే. ఆ ఒక్క ప్రశ్నతో మొదలైంది.

మరుసటి రోజే ఇంటికి పెద్దమనుషులు వచ్చారు. “ఏందమ్మా, జనరల్ సీటుల ఆడామె నిలబడుడేంది? మీకు రిజర్వుడు వార్డులు ఉన్నయి గదా. గక్కడ నిలబడున్రి. ఈ వార్డు ఏకగ్రీవం చేద్దామనుకుంటున్నం” అన్నారు. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. చాలా మర్యాదగా, పెళ్లి సంబంధం మాట్లాడినట్టు మాట్లాడారు. అట్లాంటి మర్యాదకు ఎదురు చెప్పడం తిట్టుకు ఎదురు చెప్పడం కంటే కష్టం.

చిన్నమ్మ నన్ను చూసింది. “జనరల్ అంటే ఎవరన్నా నిలబడొచ్చు కదా?” అని అడిగింది. అవును. చట్టం చెప్పేది అదే. మహిళకు రిజర్వ్ చేసిన సీటులో మగవాళ్లు నిలబడకూడదు. జనరల్ సీటులో మాత్రం అందరూ నిలబడొచ్చు. రిజర్వేషన్ ఆడవాళ్లకు కనీసం ఇంత అని చెప్తుంది, ఇంతకు మించి వద్దని కాదు. కానీ ఊళ్లల్లో ‘జనరల్’ అంటే ‘జెంట్స్’ అన్నట్టు అయిపోయింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది డిఫాల్ట్ సెట్టింగ్. ఎవరూ పెట్టినట్టు ఉండదు, ఎవరూ మార్చరు.

“మేం నిలబడుతున్నం” అని చిన్నమ్మ చెప్పింది. ‘నేను’ అనలేదు, ‘మేం’ అంది. వాకిట్లో సంఘం ఆడవాళ్లు ఆరుగురు నిలబడి ఉన్నారు మరి.

ధైర్యం కంటే ముందు రసీదు

ఆ తర్వాతి మూడు రోజుల్లో నాకొకటి తెలిసొచ్చింది. ఆడవాళ్లకు ధైర్యం చెప్పడం తేలిక. ‘మీరు చేయగలరు’ అని స్టేటస్ పెట్టడం ఇంకా తేలిక. అభ్యర్థికి అసలు కావాల్సింది ఇంటి పన్ను రసీదు.

వార్డు మెంబరు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. మా ఊరంత పల్లెలో వార్డు అభ్యర్థి ఖర్చు పరిమితి 30 వేలు. డబ్బు పెద్దది కాదు. కానీ పన్ను బకాయి లేదన్న కాగితం కావాలి. డిపాజిట్ తగ్గింపు కోసం కులం సర్టిఫికెట్ కావాలి. ప్రతిపాదించే ఓటరు కావాలి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసిన డిక్లరేషన్ కావాలి, దాని మీద సాక్షుల సంతకాలు కావాలి. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా కావాలి. నామినేషన్లకు మూడు రోజులే గడువు. ఒక్క కాగితం లేకపోయినా పరిశీలనలో పక్కన పెట్టేస్తారన్న భయం.

ఈ కాగితాలు మగవాళ్లకు వాటంతట అవే దొరికినట్టు ఉంటాయి. పంచాయతీ ఆఫీసులో, మీసేవలో, బ్యాంకులో తెలిసినవాళ్లుంటారు. రాత్రి తొమ్మిదింటికి బైక్ తీసి పోయి రావచ్చు. చిన్నమ్మ పోవాలంటే ఎవరో తోడు రావాలి, ఇంట్లో వంట కావాలి, ఆరోజు బీడీల కూలి పోవాలి. ఆస్తి డిక్లరేషన్ రాసేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆమె పేరు మీద సంఘంలో పొదుపు, పీఎఫ్ ఖాతా, రెండు తులాల బంగారం ఉన్నాయి. పదేళ్లుగా ఆమె నడుపుతున్న పొలం కాగితంలో ఆమె లేదు.

నేను ఫారాలు నింపాను. సంఘంలో ఒకామె పొద్దున ఆరింటికి వచ్చి అన్నం వండిపోయేది. ఇంకొకామె బీడీల లెక్క చూసుకుంది. ప్రచారం ఏడెనిమిది రోజులే. ఉపసంహరణ గడువు ముగిసేదాకా ఫోన్లు ఆగలేదు. దుబాయికి కూడా వెళ్లాయి, ‘మీ ఆవిడకు చెప్పు’ అని. బాబాయి ‘ఆమెనే అడుగున్రి’ అన్నాడట. ఆ ఒక్క మాట మాకు వంద ఓట్లతో సమానం.

చిన్నమ్మ తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయింది.

ఆరోజు రాత్రి ఏడ్చింది. రెండో రోజు తనకు ఓటేసిన ఇళ్లకు పోయి దండం పెట్టి వచ్చింది. ఇప్పుడు గ్రామసభ అంటే ఆ ఆరుగురితో కలిసి ముందు వరసలో కూర్చుంటుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ‘ఎందుకు పెట్టలే?’ అని అడిగే మనిషి మా ఊళ్లో ఇప్పుడొకరున్నారు.

పసుపు కోసం చేసింది...

అందరికీ తోడుగా ఉండి నామినేషన్ వేయించడం ఈ జిల్లాకు కొత్త కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం రైతులు గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది మిగిలితే అందులో 170 మందికి పైగా రైతులే. పోలింగ్ కేంద్రంలో ఒక్కో చోట 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టాల్సి వచ్చింది. లోక్‌సభకు జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25 వేలు. అయినా వెనక్కి తగ్గలేదు. దేశమంతా నిజామాబాద్ వైపు చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఇక్కడే మొదలైంది.

ఫారం ఎలా నింపాలో, డిపాజిట్ ఎలా కట్టాలో, పరిశీలనలో ఎలా నిలబడాలో ఒకరికొకరు నేర్పుకున్న జిల్లా ఇది. పంట ధర కోసం చేసిన పని మన అక్కల కోసం, చిన్నమ్మల కోసం ఎందుకు చేయలేం?

డబ్బు విషయంలో అమెరికా నుంచి ఒక ఉదాహరణ. అక్కడ 1985లో ఎమిలీస్ లిస్ట్ అనే సంస్థ మొదలైంది. ఎమిలీ అంటే ఎవరో మనిషి పేరనుకుంటాం, కాదు. ‘మొదట్లో ఇచ్చే డబ్బు పిండిని పొంగించే ఈస్ట్ లాంటిది’ అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలవి. మన ఇంట్లో దోసె పిండి సంగతే. రాత్రి పులవబెట్టకుండా పొద్దున పెనం మీద పోస్తే ఏం లాభం? పోలింగ్‌కు రెండు రోజుల ముందు ఇచ్చే వెయ్యి కంటే నామినేషన్‌కు ముందు ఇచ్చే వంద ఎక్కువ పని చేస్తుంది.

ఓడిపోయినవాళ్లను వదిలేయకపోవడం కూడా సాయమే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ అమెరికాలో రవాణా రంగంలో ఇంజినీరు. మేరీల్యాండ్ చట్టసభకు ఎన్నికయ్యారు. 2018లో అమెరికా పార్లమెంటు కోసం ప్రైమరీలో పోటీ చేసి ఓడిపోయారు. 2023 జనవరిలో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఓటమి తర్వాత కూడా చుట్టూ మనుషులుంటేనే రెండో ప్రయత్నం ఉంటుంది.

ఆ రోజుకు లైన్లో ఎవరుంటారు?

2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అమలని ఆ చట్టంలో రాశారు. అది అమలైన రోజు మన దిక్కు కూడా కొన్ని సీట్లు మహిళలకు వస్తాయి. అప్పుడు పార్టీలు ఎవరిని వెతుకుతాయి? సిద్ధంగా ఎవరూ కనిపించకపోతే లీడర్ల భార్యలు, కూతుళ్లు, కోడళ్లు కనిపిస్తారు. అసెంబ్లీ కూడా సివరపల్లి అవుతుంది. అలా కావద్దంటే ఇవాళ వార్డులో నిలబడ్డవాళ్లు రేపు మండలానికి, ఆ తర్వాత పైకి పోయే లైను ఇప్పుడే మొదలవ్వాలి.

కాబట్టి ఫోన్ చేతిలో ఉన్న మీకు ఐదు పనులు.

ఒకటి, పేరు పెట్టి అడగండి. ‘ఆడవాళ్లు రాజకీయాల్లోకి రావాలి’ అంటే ఎవరికీ తగలదు. ‘లెక్కలు నువ్వు బాగా చూస్తవు, నువ్వు నిలబడు’ అంటే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు.

రెండు, నోటిఫికేషన్ రాకముందే కాగితాలు సిద్ధం చేయించండి. ఓటరు జాబితాలో పేరు, పన్ను రసీదు, కులం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా. ఒక ఆదివారం పని.

మూడు, ఆమె ఇంటి పనిలో ఒక వాటా తీసుకోండి. ప్రచారం వారం రోజులు మీరు వంట చేస్తే అదీ రాజకీయమే.

నాలుగు, గ్రూపుల్లో ఆమె మీద చెత్త రాస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, అక్కడే ఖండించండి. జవాబు చెప్పే భారం ఆమె ఒక్కదాని మీద వదలొద్దు.

ఐదు, గెలిచాక వెంట ఉండండి. పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ సంతకం ఉండాలి. చదవకుండా సంతకం పెట్టమని ఒత్తిడి వచ్చేది అక్కడే. ఏ చెక్కు దేనికో ఆమెతో కూర్చుని చదవండి. ఫోన్ చేస్తే భర్తకు కాదు, ఆమెకే చేయండి.

మీకు తెలిసిన ఆడవాళ్లలో ఊరి సమస్య చెప్పగానే ‘పదా, పోయి అడుగుదాం’ అనే మనిషి ఒకరుంటారు. ఆమె పేరు మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. ఫోన్ చేయండి.